చెరువు, చెలక, అడవి: నర్సంపేట తిండి, పెద్దపేగు పులుపు

వరంగల్ నగరానికి తూర్పున ఉన్న నర్సంపేటకు ఒకవైపు పాకాల చెరువు ఆయకట్టు, ఒకవైపు వానను నమ్ముకున్న ఎర్ర చెలకలు, వాటిని దాటగానే పాకాల అడవులు ఉండడం వల్ల, ఈ ప్రాంతపు జనానికి శతాబ్దాల పాటు ఒకే రకమైన కూడు అనేది లేకుండా పోయింది. చెరువు కింద వరి, చెలకల్లో జొన్న, అడవిలో గడ్డలూ కాయలూ పూలూ కడుపు నింపాయి. ఏ ఇంటి కుండలో ఏ గింజ ఉడికేదన్నది ఆ ఇంటికి నీటి మీద ఎంత హక్కు ఉన్నదన్న దానిమీద ఆధారపడి ఉండేది. ఇదే ప్రాంతంలో ఒక తిండి ఒకరికి సరిపడి మరొకరికి సరిపడనప్పుడు 'ఒంటికి పడదు' అనే మాట తరతరాలుగా వాడుకలో ఉన్నది. ఆ మాటలోని అనుభవానికి గత యాభై అరవై ఏళ్ళ జీవశాస్త్రం పెద్దపేగులో ఒక కారణాన్ని వెతికి పట్టుకున్నది. నర్సంపేట తిండి చరిత్రను ఆ కారణంతో కలిపి చూసినప్పుడు, మనుషుల కడుపుల మధ్య కనిపించే తేడాల్లో చాలా భాగం నేల, నీరు, కూలి, రేషన్ అనే నాలుగింటి చరిత్ర నుంచే వచ్చినదని తేలుతుంది.

ముందుగా పేగులో జరిగే పనిని కొంత వివరించుకోవలసి ఉంటుంది. అన్నంలోనూ రొట్టెలోనూ పప్పులోనూ ఉండే పిండిపదార్థాలు చక్కెర అణువులు గొలుసులుగా అల్లుకున్నవి. వాటిలో అన్నంలోని సాధారణ పిండి వంటి తేలిక గొలుసులను నోటిలోని ఉమ్మి, చిన్నపేగులోని రసాలు తెంచి రక్తంలోకి పంపుతాయి. గింజ పైపొరలోని పీచు, పప్పుల్లోని కొన్ని ప్రత్యేకమైన చక్కెరలు, ఉడికి చల్లారి గట్టిపడిన పిండి మాత్రం ఆ రసాలకు లొంగక పెద్దపేగుకు చేరుతాయి. ఆహారంలోని సంక్లిష్ట పిండిపదార్థాలను తెంచడానికి మనిషి శరీరం తయారుచేసుకోగల ఎంజైములు, అంటే రసాయన చర్యలను నడిపే మాంసకృత్తులు, ఇరవైకి మించవు. పెద్దపేగులో కాపురముండే బాక్టీరాయిడిస్ థీటాఅయోటామైక్రాన్ అనే ఒక్క సూక్ష్మజీవి జన్యుపటంలోనే అలాంటివి 260కి పైగా ఉన్నాయని 2003 తర్వాతి పరిశోధనలు చూపించాయి. మనిషి అరిగించుకోలేనిదాన్ని ఈ జీవులు గాలి సోకని చీకట్లో పులియబెట్టి బతుకుతాయి. దీనినే కిణ్వనం అంటారు.

ఆ పులుపు నుంచి ప్రధానంగా ఎసిటేట్, ప్రొపియోనేట్, బ్యుటిరేట్ అనే మూడు చిన్న గొలుసు కొవ్వు ఆమ్లాలు, వాటితోపాటు హైడ్రోజన్, బొగ్గుపులుసు వాయువు, కొందరిలో మీథేన్ పుడతాయి. ఆమ్లాల్లో దాదాపు మొత్తం పేగు గోడ గుండా ఒంట్లోకి చేరిపోతుంది. బ్యుటిరేట్ పెద్దపేగు లోపలి పొర కణాలకు ముఖ్యమైన ఇంధనం. ఎసిటేట్, ప్రొపియోనేట్ కాలేయానికీ తక్కిన శరీరానికీ పనికివస్తాయి. మామూలు పిండి గ్రాముకు నాలుగు కిలోక్యాలరీల శక్తి ఇస్తే, పులిసే పీచు సుమారు రెండు ఇస్తుందని పోషణశాస్త్రం లెక్కకడుతుంది. కాబట్టి ముతక గింజ తినే పేదవాడికి పెద్దపేగులోని ఈ పులుపు రెండో కుండ వంటిది. మొదటి కుండ పొయ్యి మీద ఉడికితే, ఇది కడుపులో నిదానంగా పులుస్తుంది.

ఈ ప్రాంతంలో వరి కథ పాకాల చెరువుతో బలపడింది. గణపతిదేవుడు (1199–1262) కాకతీయ రాజ్యాన్ని ఏలుతున్న కాలంలో, 13వ శతాబ్ది తొలినాళ్ళలో, గుట్టల మధ్య సందులను మూసి కట్టిన ఈ చెరువు దాదాపు 30 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంటుంది. దీనిని కట్టించిన వానిగా బయ్యన నాయకుని కొడుకు జగదాళ ముమ్మడిని పాకాల శాసనం పేర్కొంటుంది. చెరువు తవ్వించిన వారికి, దాన్ని బాగుచేస్తూ ఉండేవారికి నీరు పారిన నేలలో ఒక వంతును దశబంధ మాన్యంగా ఇచ్చే ఆనవాయితీ కాకతీయ సీమలో ఉండేది. నీటి పంపకంతోపాటే వరి అన్నపు పంపకమూ ఆ మాన్యాల్లోనే రాసి ఉన్నదని చెప్పవచ్చు. ఓరుగల్లు వీధులను వర్ణించిన క్రీడాభిరామంలో, రూక ఇచ్చి పూటకూళ్ళ ఇంట సన్నన్నంతో విందారగించే ముచ్చట వస్తుంది. అదే సాహిత్యంలో శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న చాటువులు పల్నాటి జొన్నకూటిని ఈసడించుకుంటాయి. ఈ రెండు ప్రస్తావనలను పక్కపక్కన పెట్టి చూస్తే, వరి గౌరవానికీ జొన్న లేమికీ గుర్తులుగా అప్పటికే నిలబడిపోయాయని తెలుస్తుంది.

అయితే చెరువు కింది అన్నం నేటి అన్నం వంటిది కాదు. రోట్లో రోకలితో దంచి చాటలో చెరిగిన దంపుడు బియ్యానికి తవుడు పొర కొంత అంటుకుని ఉండేది. పొద్దున వండినది రాత్రికి, రాత్రి మిగిలినది మరునాటి పొద్దుకు సద్దిగా మారేది. ఈ సద్దిలో రెండు మార్పులు ఒకేసారి జరుగుతాయి: గంజిలోనో నీళ్ళలోనో నానిన అన్నాన్ని గాలిలోని, కుండలోని లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా పులియబెడతాయి, మరోవైపు ఉడికినప్పుడు విచ్చుకున్న పిండి గొలుసులు చల్లారినకొద్దీ మళ్ళీ దగ్గరగా పేర్చుకుని, చిన్నపేగు రసాలకు లొంగని రూపాన్ని పొందుతాయి. ఈ లొంగని పిండికి 1982లో హాన్స్ ఇంగ్లిస్ట్ అనే శాస్త్రజ్ఞుడు ఒక శాస్త్రీయ నామం ఏర్పరిచి ఆహార విశ్లేషణలో చోటిచ్చాడు. సద్ది మూటతో పొలానికి పోయిన పాలేరు అప్పటికి కొన్ని వందల ఏళ్ళుగా ఆ పిండినే తిని నాగలి పట్టాడు. బతుకమ్మ పండుగ చివరి రోజుకు సద్దుల బతుకమ్మ అనే పేరు రావడంలో ఈ నిలవ అన్నానికి ఉన్న మర్యాద నేటికీ వినిపిస్తుంది.

చెరువు నీరు ఎక్కని చెలకల్లో పచ్చజొన్న, తెల్లజొన్న, తైదలు, సజ్జలు, కొర్రలు పండేవి. వాటి మధ్య సాళ్ళలో కంది, పెసర, అనుము, బొబ్బర వేసేవారు. జొన్నలను ఇసుర్రాయిలో రవ్వగా విసిరి ఎసట్లో పోసి ఉడికించిన ముద్దను గట్క అంటారు. పిండిని నీళ్ళలో కలిపి, ఒక్కొక్కప్పుడు రాత్రంతా పులియనిచ్చి, కాచి మజ్జిగతో తాగే పలుచని జావ అంబలి. ఒకే గింజ నుంచి వచ్చిన ఈ రెండూ పేగులో ఒకేలా నడవవు. రవ్వ ముతకగా ఉన్నకొద్దీ గింజ గోడల లోపల చిక్కుకున్న పిండిని చిన్నపేగు రసాలు చేరుకోలేవు. పైగా జొన్న పిండి రేణువుల చుట్టూ ఆ గింజకే ప్రత్యేకమైన మాంసకృత్తులు గట్టి వలలా అల్లుకుని, ఉడికిన తర్వాత మరింత బిగుసుకుంటాయి. అందువల్ల గట్కలోంచి ఎక్కువ భాగం పెద్దపేగుకు దిగుతుంది, కడుపు చాలాసేపు నిండుగా అనిపిస్తుంది. మెత్తగా విసిరి పలుచగా కాచిన అంబలి త్వరగా అరుగుతుంది. ఎండలో పని చేసేవారికి, పసిపిల్లలకు, జ్వరం పడి లేచినవారికి అంబలి ఇచ్చి, బరువు పనికి పోయేవారికి గట్క పెట్టిన ఇల్లాళ్ళ నిర్ణయంలో ఈ తేడా ఎరుక ఉన్నది.

చెలక తిండిలో అన్నింటికంటే ఎక్కువగా పులిసేవి పప్పుధాన్యాలు. అనుములు, బొబ్బర్లు, శనగల గుడాలలో రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలు ఉంటాయి. వీటిలోని ఒక ముడిని విప్పే ఎంజైము మనిషి చిన్నపేగులో ఎవరికీ ఉండదు గనుక అవి చెక్కుచెదరకుండా పెద్దపేగుకు పోయి, అక్కడి బాక్టీరియాకు తక్షణ విందుగా మారి వాయువును పుట్టిస్తాయి. రాత్రంతా నానబెట్టి ఆ నీళ్ళు పారబోయడం, మొలకెత్తించడం, వాము, జీలకర్ర, వెల్లుల్లి చేర్చడం అనే ఆచారాలు వంటింట్లో ఉన్నవే. నానినప్పుడు ఆ చక్కెరల్లో కొంత నీటిలోకి దిగుతుందని, మొలక వచ్చినప్పుడు గింజ తన ఎదుగుదలకు వాటిని తానే ఖర్చుచేసుకుంటుందని రసాయన పరీక్షలు నిర్ధారించాయి. నాటు వైద్యం వాతం అని పిలిచిన బాధలో ఒక భాగం ఈ వాయువే.

జొన్న తిండిని పొగిడేవారు విస్మరించరాని మరో కోణం ఉన్నది. 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ ఆరంభించిన పరిశోధనశాల 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకున్నది. అక్కడి సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా అనే ఇద్దరు వైద్యులు దక్కన్ పీఠభూమిలో జొన్నే ప్రధానాహారంగా బతికే పేదల్లో, చర్మం నల్లబారి పగిలిపోయి, విరేచనాలూ మతిచలనమూ తెచ్చే పెల్లాగ్రా జబ్బును గమనించారు. జొన్నలో అధికంగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లమే దీనికి కారణమని 1960లో ప్రతిపాదించారు. ఆ సిద్ధాంతం మీద తర్వాత చాలా వాదోపవాదాలు జరిగాయి. గింజల కూలి మీద బతికే ఇంట్లో, పప్పూ పాలూ కూరా లేక ఒక్క గట్కతోనే ఏడాది గడిచినప్పుడు, పెద్దపేగులో ఎంత మంచి పులుపు జరిగినా ఒళ్ళు నిలబడదని ఆ జబ్బు చరిత్ర చెబుతుంది. వరి అన్నం పండుగనాడే దొరికిన తరానికి దాని మీద ఉన్న మోజును కేవలం రుచిగా చూడడం ఆ తరం అనుభవాన్ని తక్కువ చేయడమే అవుతుంది.

మూడో నేల అడవి. 1952లో అభయారణ్యంగా ప్రకటించిన పాకాల అడవుల అంచుల్లోని కోయ గూడేలకు చిన్న చిన్న కమతాల్లో పండే జొన్నతోపాటు తవ్వి తెచ్చిన గడ్డలు, వెదురు కొమ్ములు, తునికి పండ్లు, ఎండబెట్టి దాచుకున్న ఇప్పపువ్వు ఆధారం. హైదరాబాద్ సంస్థానంలో 1940లలో పనిచేసిన మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్, నాటి వరంగల్ జిల్లాలో భాగమైన గోదావరి తీరపు కొండరెడ్లు కరువు రోజుల్లో జీలుగు మానులోని మెత్తని బెండును దంచి పిండి తీసి తినడాన్ని తన గ్రంథంలో నమోదు చేశాడు. ఋతువు మారితే గింజ, గడ్డ, పువ్వు, కాయ మారే ఇటువంటి తిండిలో పీచు రకాలు చాలా ఎక్కువ. ఒక్కొక్క రకాన్ని తెంచడానికి ఒక్కొక్క సూక్ష్మజీవి సమూహం కావాలి గనుక పెద్దపేగులోని జీవుల రకాలూ అంతే ఎక్కువగా ఉండడానికి వీలుంటుంది. 2015లో అస్సాం, తెలంగాణ, మణిపూర్, సిక్కింలకు చెందిన 15 గిరిజన సమూహాల మలంలోని బాక్టీరియాను పోల్చిన ఒక భారతీయ అధ్యయనం, ఆ సమూహాలన్నింటిలోనూ ప్రివోటెల్లా అనే వర్గం పైచేయిగా ఉన్నదనీ, నివసించే చోటు, తినే తిండి ఆ బాక్టీరియా కూర్పును గణనీయంగా మార్చుతున్నాయనీ తేల్చింది. ప్రివోటెల్లా గింజల పైపొర పీచును తెంచడంలో నేర్పరి. 2010లో ఆఫ్రికాలోని బుర్కినాఫాసోలో సజ్జ, జొన్న తినే పల్లె పిల్లల పేగుల్లోనూ అదే వర్గం సమృద్ధిగా కనిపించగా, ఇటలీ నగరపు పిల్లల్లో అది కనిపించలేదు.

ఈ మూడు నేలల తిండి వేరువేరుగా ఉన్న స్థితి 20వ శతాబ్ది ఉత్తరార్ధంలో వేగంగా చెదిరింది. ముందు మర బియ్యం వచ్చి రోకలిని మూలకు నెట్టింది. తర్వాత తెల్లహంస వంటి పొట్టి వరి వంగడాలూ, 1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరీ, బావులూ బోర్లూ కలిసి చెలకల్లోకి కూడా వరిని తెచ్చాయి; మిగిలిన చెలకలను పత్తి, మిర్చి, మక్క ఆక్రమించాయి. వీటిలో మక్కకు గట్కగా మారే అవకాశం ఉన్నా దానిలో అధిక భాగం కోళ్ళ దాణాకు, పిండి కర్మాగారాలకు తరలిపోయింది. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకాన్ని తెచ్చినప్పుడు, ఆకలిని వెనక్కు తరిమిన ఆ చౌక బియ్యమే జొన్నను పేదవాడి కుండలోంచీ తొలగించింది. తెలంగాణ రాష్ట్రంలో 2015 జనవరి నుంచి మనిషికి నెలకు ఆరు కిలోల చొప్పున రూపాయికి కిలో బియ్యం, 2025 ఏప్రిల్ నుంచి రేషన్ దుకాణాల్లో సన్నబియ్యం ఇవ్వడంతో, క్రీడాభిరామం నాటి సన్నన్నపు గౌరవం ప్రతి ఇంటికీ చేరింది. చెరువు, చెలక, అడవి మూడూ ఒకే పళ్ళెంలో కలిశాయి.

పళ్ళెం మారినంత మాత్రాన పేగు వెంటనే మారుతుందా అన్న ప్రశ్నకు రెండు కాలమానాల్లో జవాబు దొరికింది. 2014లో ప్రచురితమైన ఒక అమెరికా పరిశోధనలో, మొక్కల ఆహారానికీ జంతు ఆహారానికీ మార్చిన కొద్ది రోజుల్లోనే పెద్దపేగు బాక్టీరియా నిష్పత్తులు కదిలాయి. మాంసం, గుడ్లు, చీజ్ మీద ఉన్నప్పుడు పిండిపదార్థాలను పులియబెట్టే జీవులు తగ్గాయి. 2011లో వచ్చిన మరో పరిశోధనలో మాత్రం, పది రోజుల మార్పు కంటే ఏళ్ళ తరబడి సాగిన అలవాటే ఒకరి పేగులో ప్రివోటెల్లా పైచేయిగా ఉంటుందా బాక్టీరాయిడిస్ పైచేయిగా ఉంటుందా అన్నదానితో ముడిపడి ఉన్నట్టు తేలింది. 2016లో ఎలుకల మీద జరిపిన ప్రయోగం తరాల కాలమానాన్ని చూపింది: పీచు తక్కువైన మేత మీద నాలుగు తరాలు పెంచిన ఎలుకల్లో కొన్ని బాక్టీరియా జాతులు ఒక్కొక్క తరానికీ అంతరించిపోయి, తర్వాత పీచు పెట్టినా తిరిగి రాలేదు, ఆ జాతులను బయటి నుంచి మళ్ళీ పేగులోకి చేర్చవలసి వచ్చింది. మనుషుల విషయంలో అంత నేరుగా అన్వయించడం తొందరపాటే అయినా, 1983లో పుట్టినవాడి పిల్లలు నేడు బడి దాటుతున్నారని గుర్తుంచుకుంటే, నర్సంపేట పల్లెల్లో మర బియ్యపు తరాలు అప్పుడే రెండు గడిచాయన్నది స్పష్టం.

తిండి చరిత్ర ఒకటే అయిన ఇంట్లో కూడా కడుపులు ఒకేలా ఉండకపోవడం ఈ విషయంలోని సున్నితమైన భాగం. 2011లో 14 మంది అధిక బరువున్న పురుషులకు, కొలిచి పెట్టిన భోజనంలో లొంగని పిండిని అధికంగా ఇచ్చి చూసినప్పుడు, 12 మందిలో ఆ పిండి దాదాపు పూర్తిగా పులిసిపోయి నాలుగు శాతం లోపే మిగలగా, మిగతా ఇద్దరిలో 60 శాతానికి పైగా పులియకుండానే బయటకు పోయింది. ఆ ఇద్దరి పేగుల్లో రుమినోకాకస్ జాతి బాక్టీరియా చాలా తక్కువ. ఆ జాతిలోని రుమినోకాకస్ బ్రోమీ గట్టి పిండి రేణువును ముందుగా బద్దలుకొట్టే జీవి. అది పగలగొట్టిన ముక్కలనే తక్కిన బాక్టీరియా పంచుకుంటాయి గనుక, కట్టెలు కొట్టేవాడు రాని రోజు పొయ్యి వెలగనట్టు, అది లేనిచోట మిగతావి ఉన్నా పులుపు ఆగిపోతుంది. 2015లో 39 మందికి మూడు రోజులు బార్లీ గింజల రొట్టె పెట్టిన మరో పరిశోధనలో, రక్తంలో చక్కెర అదుపు కొందరిలోనే మెరుగుపడింది; మెరుగుపడినవారిలో ప్రివోటెల్లా ఎక్కువగా కనిపించింది.

వీటికి తోడు మనిషి సొంత శరీరపు తేడాలూ ఉన్నాయి. పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను తెంచే ఎంజైము దక్షిణ భారతీయుల్లో చాలామందికి పెరిగి పెద్దయ్యేసరికి తగ్గిపోతుంది. అలాంటివారిలో గ్లాసెడు పాలు పెద్దపేగులో పులిసి కడుపుబ్బరం తెస్తే, తోడుపెట్టినప్పుడే ఆ చక్కెరలో కొంత ఖర్చయిపోయిన పెరుగూ మజ్జిగా ఇబ్బంది పెట్టవు. అంబలిలో పాలకు బదులు మజ్జిగ కలిపే వాడుక ఈ తేడాకు సరిగ్గా సరిపోతుంది. కొందరి పేగుల్లో ఆర్కియా అనే మరో తెగ సూక్ష్మజీవులు ఉండి హైడ్రోజన్‌ను మీథేన్‌గా మార్చుతాయి; అలాంటివారిలో తిండి పేగు దాటే వేగం నెమ్మదిగా ఉండి మలబద్ధకం కనిపించడం ఎక్కువ. వాడిన యాంటీబయాటిక్ మందులు, వయసు, పేగు కదలిక వేగం కూడా ఏ గింజ ఎవరిలో ఎంత పులుస్తుందో నిర్ణయిస్తాయి.

ఈ పులుపు వైద్యానికి పనికివచ్చిన ముఖ్యమైన ఉదాహరణ దక్షిణ భారతంలోనే ఉన్నది. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో బి.ఎస్. రామకృష్ణ బృందం, కలరా రోగులకు ఇచ్చే ఉప్పు-చక్కెర ద్రావణంలో లొంగని మక్క పిండిని చేర్చి చూసి, విరేచనాల పరిమాణమూ వాటి కాలమూ తగ్గాయని 2000లో ప్రకటించింది. పెద్దపేగులో ఆ పిండి పులిసి పుట్టిన కొవ్వు ఆమ్లాలు, లోపలికి ఉప్పునూ దానితోపాటు నీటినీ లాగుకోవడమే దీనికి కారణం. విరేచనాలు పట్టినవారికి గంజిలో ఉప్పు వేసి తాగించే పాత అలవాటుకు దీనితో పోలిక ఉన్నా, గంజిలోని పిండిలో చాలా భాగం చిన్నపేగులోనే అరిగిపోతుంది. వేలూరులో వాడినది పెద్దపేగు దాకా చేరేలా ఎంచుకున్న పిండి.

ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన తర్వాత, చక్కెర వ్యాధికి భయపడిన పట్టణవాసులు, ఒకప్పుడు కూలికి కొలిచి ఇచ్చిన జొన్నలనూ కొర్రలనూ బియ్యానికి మించిన ధరకు కొనడం నర్సంపేట వంటి ఊళ్ళలోనూ మొదలయింది. ఈ మరలింపులో మేలు లేకపోలేదు గాని, పాత గింజ వచ్చినంతనే పాత కడుపు రాదన్న సంగతి పైన చెప్పిన చరిత్ర అంతటిలోనూ ఉన్నది. గట్క తిని పెరిగిన తాతకు ఆ ముద్ద నిమ్మళంగా అరిగితే, సన్నబియ్యం మీద పెరిగిన మనవడికి మొదటి వారం ఉబ్బరం రావచ్చు. కొద్దికొద్దిగా, ముతక రవ్వకు ముందు అంబలితో, పప్పును నానబెట్టి మొదలుపెడితే కొందరి పేగు అలవాటుపడవచ్చు, కొందరిది పడకపోవచ్చు. 'ఒంటికి పడదు' అన్న పాత మాట మనిషి బలహీనతను చెప్పే మాటగా వినిపించినా, నిజానికి అది ఆ ఒంట్లోని సూక్ష్మజీవులకు ఏ తరం ఏ మేత పెట్టిందో చెప్పే మాట. ఆ మేతను నర్సంపేటలో ఒకప్పుడు పాకాల తూము, చెలక మీది వాన, అడవి ఋతువు నిర్ణయిస్తే, గత నాలుగు దశాబ్దాలుగా రేషన్ దుకాణపు త్రాసు నిర్ణయించింది.